పాట తెగిన చోట

పాట రోజూ ఒకే చోట తెగిపోతోందని మిర్యాలగూడ నుంచి ఫోను వచ్చింది. చేసింది జనార్దన్ సార్ కూతురు వైష్ణవి. తప్పు నెట్‌దో, మీరు పెట్టిన సాఫ్ట్‌వేర్‌దో వచ్చి తేల్చమంది. ఆదివారం బాబును ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ, ఆలోపు బాగు చేసి తీరాలంది. ఆ రోజు గురువారం.

సూర్యాపేట కొత్త బస్టాండు వెనక సందులో జితేందర్‌కు చిన్న దుకాణం ఉంది. ఇళ్ళల్లో పెద్ద స్పీకర్లు బిగించి, కంప్యూటర్లో ఉన్న పాటల్ని వాటిలోకి పంపడం అతని పని. ఈ రెండువేల పదమూడులో ఆ పనికి కొత్త తోక తగిలింది. నెట్‌లో పాటలు వినిపించే కంపెనీలు వచ్చాయి. కలిగినవాళ్ళు ఆ పాటలు ఫోనులో వింటే సరిపోదు, హాల్లో స్పీకర్లలోనే రావాలంటున్నారు. ఈ కంపెనీకీ ఆ కంపెనీకీ పడదు, రెండింటికీ ఇంట్లో ఉన్న కంప్యూటర్‌తో పడదు. ముగ్గురు సవతుల్ని ఒక వంటింట్లో కుదిర్చినట్టు వాటిని ఒకే సాఫ్ట్‌వేర్‌లో కుదర్చాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళలో కలిపి ఆ పని తెలిసినవాడు జితేందర్ ఒక్కడే. అందుకే పిలిచిన గంటకు బస్సెక్కాడు.

జనార్దన్‌కు రెండు రైసు మిల్లులున్నాయి. మిల్లు మోతకు సగం చెవుడు వచ్చిన మనిషి. ఆయన హాల్లో మనిషెత్తు స్పీకర్లు చూసి చెవిటివాని ముందు శంఖం అనుకునేవాళ్ళు లేకపోలేదు గానీ, గేటు దాటాకే అనుకుంటారు. ఆయనకు కావలసింది పాట కాదు, పక్క మిల్లు ఓనరు ఇంట్లో లేనిది. పాట కావలసింది మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చిన వైష్ణవికి.

జితేందర్ చెప్పులు గుమ్మం బయట విడిచి, నేరుగా బీరువాలాంటి చెక్కపెట్టె తలుపు తీశాడు. లోపల కంప్యూటరు, దాని పక్కన ఆంప్లిఫయరు. వేలి కొసతో ఒక్కొక్క వైరునూ కుదుళ్ళ దగ్గర అటూ ఇటూ కదిలించి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. నెట్ వేగం చూశాడు, బాగుంది. పాట ముందుగా ఎంత పోగుచేసుకోవాలో చెప్పే అంకెను రెట్టింపు చేశాడు. ఆపైన టాబ్లెట్ అందుకుని ఆ పాట ఏదో చెప్పమన్నాడు.

వైష్ణవి బాబును భుజాన వేసుకుని నిలబడే వేలితో చూపించింది. ‘లాలి పాట. జానపద గాయని.’ అంతే ఉంది తెరమీద. పేరు లేదు, ఊరు లేదు, బొమ్మ కూడా లేదు.

పాట మొదలైంది.

అతని చెవి ముందు గొంతును పట్టుకోలేదు. అది అతని వృత్తి తెచ్చిన జబ్బు. గొంతు వెనక ఏముందో ముందు వింటాడు. మూడు సెకన్లకోసారి కిర్రుమని సన్నటి చప్పుడు. టేపు రికార్డరులో రబ్బరు బెల్టు వదులై, దాని స్థానంలో సైకిల్ ట్యూబు కోసి తొడిగితే వచ్చే చప్పుడు. ఆ చప్పుడు చేసే రికార్డరు ఈ లోకంలో ఒక్కటే ఉండేది. సైకిల్ ట్యూబు కోసిన కత్తెర పట్టుకున్నది జితేందరే. తొడిగింది అతని అన్న ధర్మేందర్.

తర్వాత గొంతు వినపడింది.

*పండుకో కొడుకా, పొద్దు గూకింది*
*మంద దొడ్డికి జేరె, మబ్బు కట్ట దిగె*
*నీ కాళ్ళ దుమ్ము నేనే తుడుస్త*
*లేవమన్నోళ్ళు ఎవ్వరు లేరు…*

వాళ్ళమ్మ ఉప్పలమ్మ గొంతు. ఎనిమిదేళ్ళ కింద ఎడమ కాలువలో మునిగిన మూడోనాడు ధర్మేందర్ శవాన్ని తెచ్చి వాకిట్లో పడుకోబెడితే, తల దగ్గర కూర్చుని తీసిన గొంతు. కాలువలో పడ్డ గొర్రెపిల్లను తేవడానికి దిగిన పందొమ్మిదేళ్ళవాడు. గొర్రెపిల్ల బతికింది. ఆ గొంతు ఇప్పుడు మనిషెత్తు స్పీకర్లలోంచి, ఊపిరి పీల్చడం కూడా వినిపించేంత దగ్గరగా, చల్లటి హాలు నిండా పరుచుకుంది. వైష్ణవి బాబు వీపు తడుతూ దాంతోపాటే పెదవులు కదిలిస్తోంది. పాట అంతా ఆమెకు కంఠతా వచ్చేసింది.

*పండుకో… నా…*

తెగిపోయింది. తెరమీద నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.

“సూసిన్రా, గిక్కడనే,” అంది వైష్ణవి. “రోజూ గిక్కడనే ఆగుతది. వీడు ఇది పెడితెనే పండుకుంటడు. మా అమ్మ పాడినా వినడు, నేను పాడినా వినడు. పండుకుందామనంగ ఇట్ల తెగంగనే ఉలిక్కిపడతడు.”

జితేందర్ అదే పాటను తన ఫోనులో విడిగా పెట్టి చూశాడు. అక్కడా అదే నిమిషం, అదే సెకను. వైరు తప్పు కాదు, నెట్ తప్పు కాదు, సాఫ్ట్‌వేర్ తప్పూ కాదు. పాటే అక్కడ తెగి ఉంది. ఆ మాట పైకి అనలేదు. టాబ్లెట్‌ను టీపాయ్ మీద పెట్టేశాడు.

మిగతాది ఎక్కడన్నా దొరుకుతుందేమో వెతకమంది వైష్ణవి. తొట్టెలలో బాబును వేసేటప్పుడు కింద హాల్లో, పైన గదుల్లో, డాబా మీద షామియానాలో అన్ని స్పీకర్లలో ఈ పాటే రావాలట. మిల్లు నుంచి అన్నానికి వచ్చిన జనార్దన్ అంతా విని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అన్నాడు. “మిల్లర్లంతా వస్తరు జితేందర్. అందరి ముంగట పాట నడుమ ఆగిందనుకో, పోయేది నా ఇజ్జత్.”

“సూస్త సార్,” అన్నాడు జితేందర్. బస్టాండు దాకా నడిచాక గుర్తొచ్చింది, స్క్రూడ్రైవరు అక్కడే మరిచాడు.

మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కాడు. ఎక్కడ వెతకాలో అతనికి తెలుసు. ఆ గొంతు పట్టిన క్యాసెట్టును అతనే నాలుగేళ్ళ కింద కోదాడలో రికార్డింగ్ సెంటరు నడిపే జైరాంకు ఇచ్చాడు. టేపు అంటుకుపోతోంది, సీడీ మీదకి ఎక్కించమని. ఇచ్చినవాడు మళ్ళీ తెచ్చుకోవడానికి వెళ్ళలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ నాలుగేళ్ళు గడిచాయి. ఆ సీడీ చేతికొస్తే వినాలి కదా, వినడం తనవల్ల కాదని లోపల ఎక్కడో తెలుసు. ఇప్పుడు ఆ జైరామే దాన్ని అమ్ముకున్నాడు. చావింటి ఏడుపుకు లాలిపాటని పేరు పెట్టి అమ్ముకున్నాడు. బస్సు కిటికీ చువ్వ పట్టుకుని దారి పొడవునా అనాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు.

జైరాం రికార్డింగ్ సెంటరు ఇప్పుడు పెళ్ళి వీడియోల సెంటరైంది. పాత క్యాసెట్ల అరల్లో పెళ్ళి ఆల్బమ్‌లు నిలబెట్టి ఉన్నాయి. జైరాం చెవుల మీద హెడ్‌ఫోన్లతో ఎవరిదో తాళి కట్టే ఘట్టానికి సన్నాయి అతికిస్తున్నాడు. జితేందర్ కూడబలుక్కున్న మాటలన్నీ ఒక్క ఊపులో అనేశాడు. చచ్చినవాడి మీద పైసలు ఏరుకునే బతుకేం బతుకని కూడా అన్నాడు.

జైరాం కోప్పడలేదు. హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని మొత్తం విన్నాడు. లేచి అటక మీంచి బిస్కట్ల డబ్బా దింపి, మూత మీది దుమ్ము చొక్కా చేతితో తుడిచి, అడుగునుంచి ఒక క్యాసెట్టు తీసి బల్లమీద పెట్టాడు.

“కోపం తర్వాత చేద్దురు గానీ, ముందు ఇది చూడండి జితేందర్ గారూ. ఈ రాత ఎవరిదో చెప్పండి.”

నీలం సిరా. ‘లాలి పాట.’ ల అక్షరానికి కింద కొస కొంచెం పొడుగ్గా లాగే అలవాటు జితేందర్‌దే. కింద సూర్యాపేట అని, అతని పాత ఫోను నంబరు.

“చావు ఏడుపని నాతో ఎవరన్నా చెప్పారా? లాలిపాటని మీరే రాశారు. రెండేళ్ళు చూశాను, మీరు రాలేదు, ఆ నంబరు కలవలేదు. ఎవరూ తీసుకెళ్ళని జానపదాలన్నీ హైదరాబాదు కంపెనీ వాళ్ళు అడిగితే మూటగట్టి ఇచ్చేశాను. వాటితోపాటే ఇదీ పోయింది.”

రాసింది మరిచిపోవడం మనిషికి కష్టమేం కాదు, మరిచిపోవాలనుకుంటే. వాళ్ళ ఇళ్ళల్లో శోకం, శవం ముందు రాగం తీసి ఏడ్చే ఏడుపు, చావింట్లో తప్ప ఇంకెక్కడా నోట రాకూడదు. మంచిరోజున ఆ రాగం కూనిరాగంగా తీసినా ముసలమ్మలు మూతి మీద కొడతారు. అలాంటిది, శోకాన్ని పట్టి డబ్బాలో పెట్టి ఇంట్లో దాచడమంటే చావును పిలిచి పీట వేసినట్టే. దొరికితే మేనత్త పొయ్యిలో పడేస్తుందని భయపడి, పదిహేడేళ్ళ జితేందర్ దానిమీద లాలి పాటని రాసుకున్నాడు. అప్పుడు రాసిన అబద్ధమే ఇప్పుడు ఎక్కడెక్కడికో ఎక్కి కూర్చుంది. ఎవరిని తిట్టడానికి ఇంత దూరం వచ్చాడో ఆ మనిషి అతని చొక్కాలోనే ఉన్నాడు.

స్టూలు మీద కూర్చుని, పాట ఎందుకు తెగిందని అడిగాడు. జైరాం కంప్యూటరు అతనివైపు తిప్పాడు. అప్పట్లో క్యాసెట్లు వందల్లో వచ్చేవట. ఒక్కొక్కటి కూర్చుని విని కోసే తీరిక లేక, అయిదు సెకన్లు గట్టి చప్పుడు లేకపోతే పాట అయిపోయినట్టే అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పి వదిలేసేవాడట. “మీ అమ్మగారు అక్కడ ఆరు సెకన్లు ఆగారండి. ఆ తర్వాత ముక్క విడిగా పడింది. తొమ్మిది సెకన్లు. చప్పుడేదోలే అనుకుని పక్కన పడేశాను.”

ఆ ముక్క మీద నొక్కాడు. బెల్టు కిర్రుమంది. ఎవరో ముక్కు చీదారు. దూరంగా గొర్రెపిల్ల అరిచింది.

“ధర్మా,” అంది ఉప్పలమ్మ గొంతు.

ఆ తర్వాత బటను పైకి లేచిన టక్‌మనే చప్పుడు. ఆ పొద్దు టేపు ఆపింది జితేందర్ వేలే. జైరాం తనంతట తానే చెయ్యి చాచి వాల్యూము తగ్గించాడు, ఇంకేమీ రావడం లేకపోయినా.

నెట్‌లోంచి తీసేయించమని బతిమాలాడు జితేందర్. కంపెనీకి ఉత్తరం రాస్తానన్నాడు జైరాం. నెలలు పడుతుందన్నాడు. తీశారే అనుకుందాం, ఎన్ని ఫోన్లలోకి, ఎన్ని ఇళ్ళలోకి వెళ్ళిందో, వెళ్ళింది వెళ్ళిందేగా అన్నాడు. “ఎక్కడెక్కడి పిల్లలు దానికి నిద్రపోతున్నారో నాకేం తెలుసండీ,” అన్నాడు. ఆ మాట జితేందర్‌ను సూర్యాపేట దాకా వదల్లేదు. బస్సులో ముందు సీట్లో ఒకామె చంటిపిల్లను ఒళ్ళో ఊపుతుంటే, ఆమె ఏం పాడుతోందోనని మెడ ముందుకు చాచి విన్నాడు. ఏమీ పాడటం లేదు. ఊరికే ఊపుతోంది.

శనివారం మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించుకుని కూర్చున్నాడు. రెండు ముక్కలూ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. దారులు రెండే కనిపించాయి. ఒకటి, ఆ ఇంటి సాఫ్ట్‌వేర్‌లో ఈ పాటను కనపడకుండా దాచేసి, కంపెనీ వాళ్ళే తీసేశారని చెప్పడం. రెండు, అడిగినట్టే తెగినచోట అతికించి ఇవ్వడం. అతికిస్తే తొట్టెల నాడు చుట్టాలందరి నడుమ, పసివాడి నెత్తిమీద, చచ్చినవాడి పేరు మోగుతుంది. దాచేస్తే ఇవాళ ఆ ఇంట్లో ఆగుతుంది. ఇంకో ఇంట్లో ఆగదు. ఇంకో ఇంట్లో ఎవరో ఇలాగే మిగతాది కావాలంటారు.

ఏదో ఒకటి చెయ్యాలి గనక, చేతికి అలవాటైన పని చేశాడు. మొదటి ముక్క కొసనూ రెండో ముక్క మొదలునూ దగ్గరికి జరిపి, నడుమ ఆరు సెకన్ల మౌనాన్ని కొలిచి పెట్టాడు. అతుకు తెలుస్తోందేమో చూడటానికి గోడకున్న పాత స్పీకర్లలో పెట్టాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. కిర్రు, కిర్రు. పండుకో నా… ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

గొర్రెపిల్ల అరిచింది, పేరు వచ్చింది. కళ్ళు తెరిస్తే షట్టరు కింద తల్లి కాళ్ళు కనిపించాయి. పక్కన టిఫిన్ డబ్బా.

ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు నిలబడిందో తెలియదు. అతను కంగారుగా ఆపబోయాడు. ఉప్పలమ్మ వంగి లోపలికి వచ్చి, “ఉండనీ,” అంది. “ఇంకోపాలి పెట్టు.”

మళ్ళీ పెట్టాడు. ఆమె స్పీకరు దగ్గరకు వెళ్ళి దాని నల్ల గుడ్డమీద అరచెయ్యి ఆనించి నిలబడింది. జ్వరం చూసినట్టు చూసింది. పాట అయిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు. ఎనిమిదేళ్ళలో ఆమె బతుకమ్మ దగ్గర గొంతు కలపలేదు, పెద్దగట్టు జాతరలో లింగమంతుల స్వామి పాట ఎత్తలేదు. పోయిన కొడుకు మాట ఎత్తితే లేచి పని చూసుకునేది.

జితేందర్ అన్నీ చెప్పేశాడు. ఆ పొద్దు చేతులకు ఏం పని చెప్పాలో తెలియక అన్న రికార్డరు ఎర్ర బటను నొక్కడం, అబద్ధం రాయడం, జైరాంకు ఇచ్చి వదిలేయడం, మిర్యాలగూడలో దొరల ఇంట్లో పసివాడు దానికి నిద్రపోతుండటం. “నీ శోకాన్ని లాలిపాటని రాసిన్నే అమ్మా. నాకు పుట్టగతులుండయి,” అన్నాడు.

ఉప్పలమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

“నేను శోకం పెట్టలేదు కొడుకా ఆ పొద్దు. అందరు పెట్టిన్రు. నాకే నోట రాలే. కొడుకు సచ్చిపోతె తల్లి ఏడ్వలేదని మీ మేనత్త ఇప్పటికీ అంటది.” కొంగుతో చెయ్యి తుడుచుకుంది, తడి ఏమీ లేకపోయినా. “మూడు దినాలు నీళ్ళల్ల ఉండె వాడు. నిద్ర లేకుంట ఉండె. కండ్లు తెరుచుకోనే ఉండె. పండవెట్టిన. అది వాని లాలే. వాడు పుట్టిన్నాడు పాడిందే. లేవమన్నోళ్ళు ఎవ్వరు లేరు అన్న ఒక్క మాట ఆ పొద్దు కలిపిన, అంతే.”

ఎనిమిదేళ్ళు మోసిన అబద్ధం అబద్ధం కాదని తెలిస్తే మనిషికి తేలికపడాలి. అతనికి ఇంకా భయం వేసింది. ఆ పొద్దు ఆమె ఏడవకపోతే, ఆ ఏడుపంతా ఎక్కడ ఉందో?

“నాక్కూడ ఇదే పాడినవా?” అన్నాడు.

“ఇంకేం పాడుత? వాని పేరు తీసి నీ పేరు పెట్టిన. ఆఖరుకు పేరొస్తది. పేరొచ్చెదాంక అది ఎవ్వల్ది గాదు.” టిఫిన్ డబ్బా గిన్నెలు ఒక్కొక్కటే విప్పి అతని ముందు పెట్టింది. “రేపు నన్నుగూడ తీస్కపో. ఆ పిల్లకు చెప్పాలె.”

చెప్తే ఆ పాట తీసి అవతల పారేస్తారన్నాడు.

“పారెయ్యనీ. తెల్వక విన్నోళ్ళకు పాపముండది. తెల్సి ఊకున్నోళ్ళకు ఉంటది. అన్నం తిను.”

ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా ఇద్దరూ మిర్యాలగూడలో ఉన్నారు. డాబా మీద షామియానా, గేటుకు మామిడాకులు. వైష్ణవి తల్లి సుగుణ ఉప్పలమ్మను చూసి, పనికి వచ్చిన మనిషేమో అనుకుని పెరటి వైపు చూపించింది. ఉప్పలమ్మ ఏమీ అనుకోకుండా వెనక గుమ్మం పక్క అరుగుమీద కూర్చుంది. కాగితం కప్పులో టీ వచ్చింది. జితేందర్ లోపలికి వెళ్ళి, పాట సంగతి మాట్లాడాలి, ఒక్క నిమిషం వెనక్కి రమ్మని వైష్ణవిని పిలిచాడు. ఆమె పట్టుచీర చెరగు బాబు మీద కప్పుకుని, టాబ్లెట్ చేతిలోనే పట్టుకుని వచ్చింది.

ఉప్పలమ్మ లేచి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సాగదీయలేదు, ఏడవలేదు. పాట తనదని, పాడింది కాలువలోంచి తీసిన కొడుకు ముందని, మిగిలింది వాడి పేరేనని చెప్పింది. “తీసేస్తె తీసెయ్యి బిడ్డా. మీ అమ్మకు చెప్తవో చెప్పవో అది నీ ఇష్టం. నీకు తెల్వకుంట ఉండొద్దని వచ్చిన,” అంది.

వైష్ణవి బాబును రెండు చేతులతో గుండెకు అదుముకుంది. ఆ అదమడంలో టాబ్లెట్ జారితే జితేందర్ పట్టుకున్నాడు. ఇరవై రోజులుగా పొద్దూమాపూ అదే పాట. ఎక్కడ లేని భయాలూ ఒక్కసారి బాలింత కళ్ళలోకి వచ్చాయి. అతనికి ఆమె మీద కోపం రాలేదు. ఆ స్థానంలో ఏ తల్లి ఉన్నా అంతే.

“ఎన్నేండ్లుండె?” అని అడిగింది.

“పందొమ్మిది.”

వైష్ణవి అతని చేతిలోని టాబ్లెట్ మీద చూపుడు వేలితో పాటను జాబితాలోంచి తనే తీసేసింది. తీసేటప్పుడు ఉప్పలమ్మ వైపు చూడలేకపోయింది. “ఇవాళ ఏ పాటా వద్దు,” అని జితేందర్‌కు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

పదకొండింటికి చుట్టాలు నిండారు. జనార్దన్ మిల్లర్లను చెక్కపెట్టె దగ్గరకు తీసుకొచ్చి, నీలం లైట్లు చూపించి, ఇగ పెట్టు అన్నాడు. నెట్ పడిపోయింది సార్ అన్నాడు జితేందర్. జనార్దన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు. ఒకాయన మీసాల చాటున నవ్వాడు. “ఇగ నువ్వు మా గడప తొక్కకు,” అన్నాడు జనార్దన్ నెమ్మదిగా, అందరికీ వినపడేలా. మూడు ఊళ్ళలో ఈ పని తెలిసినవాడు ఒక్కడే అనే మాట సాయంత్రానికల్లా ఏమవుతుందో జితేందర్‌కు తెలుసు. తల వంచుకుని వైర్లు సర్దుతున్నట్టు పెట్టె దగ్గరే కూర్చున్నాడు. ఆంప్లిఫయరు వెలుగుతూనే ఉంది. స్పీకర్లు ఉత్త ఊపిరి పీలుస్తున్నాయి.

అల్లుడు సందీప్ పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసి పైకి చదివాడు. విహాన్. ముత్తయిదువలు బాబును తొట్టెలలో వేశారు. వేయగానే ఏడుపు లంకించుకున్నాడు. సుగుణ పాడింది, ఆగలేదు. ఇంకో పెద్దామె దేవుడి పాట అందుకుంది, ఇంకా గుక్కపట్టాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. తీసెయ్యండమ్మా పిల్లగాన్ని అన్నారెవరో.

వైష్ణవి తొట్టెల గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు బిగబట్టుకుని ఉంది. ఏడుపు పెరిగే కొద్దీ ఆ బిగువు సడలడం జితేందర్ చూశాడు. ఆమె అనుకుని పాడలేదు. అది నోట్లోంచి దానంతటదే వచ్చింది.

*పండుకో కొడుకా, పొద్దు గూకింది…*

సన్నటి గొంతు. శ్రుతి అంతంత మాత్రం. కానీ ఊపిరి తీసే చోట్లతో సహా ఉప్పలమ్మదే. ఏడుపు తగ్గింది. లేవమన్నోళ్ళు ఎవ్వరు లేరు అనే చరణం దగ్గర ఆమె గొంతు వణికి, దాన్ని దాటేసి ముందుకు వెళ్ళింది. బాబు కళ్ళు వాలుస్తున్నాడు.

*పండుకో… నా…*

ఆగిపోయింది. మిషను ఎక్కడ తెంపిందో ఆమె నోరూ అక్కడే తెగింది. ఆ తర్వాత ఏముందో ఆమె ఎన్నడూ వినలేదు. తొట్టెల ఒక్కటే కదులుతోంది. బాబు కళ్ళు మళ్ళీ విచ్చుకుంటున్నాయి. జితేందర్ చెవులు అతని మాట వినలేదు, లెక్కపెట్టాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగు. అయిదు. ఆ హాల్లో అందరికీ ఏమీ వినపడని చోట అతనికి పేరు ముందే వినపడింది. ధర్మా.

“విహానా,” అంది ఉప్పలమ్మ.

వెనక గుమ్మంలో నిలబడి ఉంది. గడప దాటలేదు. పేరు పలకడం కొంచెం తప్పింది గానీ రాగం తప్పలేదు. ఆఖరి అచ్చును నేలమీదికి దించినట్టు మెల్లగా దించి వదిలింది. బాబు నిద్రపోయాడు.

ఎవరమ్మా ఆమె అని ఒక ముసలామె అడిగింది. సుగుణ తెలియదన్నట్టు చూసింది. వైష్ణవి గొలుసు వదలకుండానే తలతిప్పి చెప్పింది. “ఈ పాట ఆమెదే.” ఇంకేమీ చెప్పలేదు. ఇక చెప్పదని జితేందర్‌కు తెలిసిపోయింది.

అన్నం తిని పొమ్మని ఎవరో అన్నారు గానీ ఉప్పలమ్మ చెప్పులేసుకుంది. సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. వేములపల్లి దగ్గర ఎడమ కాలువ వంతెన రాగానే లేచి, దిగుతానంది. ఎప్పుడూ ఈ వంతెన మీద ముఖం అవతలికి తిప్పుకునే మనిషి. కండక్టరు గొణిగాడు, బస్సు ఆగింది.

కాలువ నిండా పారుతోంది. పొలాల్లో వరి కోతకు వచ్చి ఉంది. ఆమె కట్ట దిగి, నీళ్ళకు నాలుగడుగుల ఇవతల చతికిలబడి కూర్చుంది. రెండు అరచేతులూ నేల మీద చరిచింది.

“ఓ నా కొడుకా… ఓ నా ధర్మా…”

ఎనిమిదేళ్ళు ఆలస్యంగా శోకం మొదలైంది. వాడు పుట్టిన పొద్దు, నడిచిన పొద్దు, కప్పుకున్న గొంగడి, కాసిన మంద, అన్నీ వరసపెట్టి పిలుస్తూ, గొంతు పగిలిపోతున్నా ఆపకుండా ఏడ్చింది. అవతలి గట్టున వరి కోసేవాళ్ళు నడుములెత్తి చూశారు. వాళ్ళలో ఒకామె కొడవలి కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జితేందర్ చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి పోయింది. ఫోను తగిలింది. రికార్డు చెయ్యడం ఒక్క వేలితో అయ్యే పని. ఫోను తీయకుండానే చెయ్యి బయటికి తీసుకున్నాడు. వెళ్ళి తల్లి పక్కన కూర్చుని, ఆమె భుజం పట్టుకుని, అయిపోయేదాకా విన్నాడు.